గట్టో, గుల్లో

నేను ఒక సుత్తిని. అరకిలో బరువు, తుమ్మకర్ర పిడి. పాత లారీ కమానుపట్టా నుంచి నన్ను సాగగొట్టిన కమ్మరి, చల్లార్చే నీళ్లలో చిటికెడు పసుపు కలిపాడు. నా గట్టిదనం పసుపు వల్ల వచ్చిందని ఆయన నమ్మకం. ఉక్కు వల్ల వచ్చిందని నా అనుమానం. మొదటి యజమాని నాతో గోడకు దేవుడి పటాలు కొట్టించాడు. రెండో యజమాని ఆ ఇల్లు కొని, వాస్తు కుదరలేదని అదే గోడను నాతోనే పడగొట్టించాడు. ఇద్దరి భక్తికీ నేను సమానమైన శ్రద్ధతో పనిచేశాను.

మూడోవాడు పాలమూరు కుర్మయ్య. అతని చేతిలోనే నాకు పరిశోధన అబ్బింది. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయపు పద్నాలుగంతస్తుల హాస్టలు, ముప్ఫై వానకాలాలు తాగి, బయటి కాంక్రీటును పెచ్చులుగా రాల్చసాగింది. వైరుతాళ్లకు వేలాడే ఇనుప తొట్టిలో నిలబడి, గోడమీద జానెడుకొక దెబ్బ వేసుకుంటూ పోవాలి. ‘ఖణ్’మంటే గట్టి, ‘బద్’మంటే గుల్ల. గుల్లచోటును సుద్దతో గీసి, కోసి, కొత్తగా పూడుస్తారు. ఏడో అంతస్తులో ఇలా కొడుతుంటే లోపలి నుంచి, “తలుపు తీసే ఉంది, రా మామా!” అని కేక. తలుపు ఏ గోడకుందో తెలియకుండానే ఆ కుర్రవాడు మూడేళ్లుగా వాస్తుశిల్పం చదువుతున్నాడు.

కుర్మయ్య నవ్వలేదు. కారణం నాకొక్కదానికే తెలుసు. కాంక్రీటు కోసే మిషన్లు అతని చెవులను ఎప్పుడో తినేశాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి బదులిస్తాడు. గోడ సంగతి మాత్రం నా పిడి చెబుతుంది. గట్టిచోట నేను అరచేతిలో ఎగిరిపడతాను, గుల్లచోట నీరసంగా అణగిపోతాను.

ఈ రహస్యం పదమూడో అంతస్తు దాకా నిలిచింది. అక్కడ తొట్టిలోకి వచ్చిన ఇంజనీరు నిరుపమ, ముఖం అటు తిప్పుకునే, “మంచినీళ్లున్నాయా పెద్దాయనా?” అంది.

“గుల్లనే మేడం. పూరా గుల్ల” అన్నాడు కుర్మయ్య.

ఆమె చటుక్కున తిరిగి నన్ను లాక్కుంది. “మీరు అటు తిరగండి. నేను కొడతా, గట్టో గుల్లో చెప్పండి.”

కుర్మయ్య తిరిగి, తాపీగా గోడకు వీపు ఆనించాడు. మొదటి దెబ్బకు “గట్టి” అన్నాడు, రెండో దెబ్బకు “గుల్ల” అన్నాడు. రెండూ నిజమే. గోడలోని అదురు అతని వీపుకు అందుతోంది.

“ఆనుకోకూడదు!” అని ఆమె అతణ్ణి ముందుకు లాగి, కింది వాకిలికి నిట్టనిలువుగా పైనున్న దూలం అంచుమీద మూడో దెబ్బ వేసింది. దాని కిందే పిల్లలు రోజూ బస్సుకోసం నిలబడతారు. ఊహించి చెప్పినా సగం అవకాశముంది. చెప్పకపోతే పని పోతుంది.

“తెల్వదు మేడం” అన్నాడు కుర్మయ్య, ఆమె వైపు తిరిగి.

పాతికేళ్లుగా మనుషుల చేతుల్లో ఉన్నాను. ఆ మాట వినడం అదే మొదలు.

“చెవులు పోయి మూడేండ్లాయె. చెప్తే ఇంటికి తోలుతరని చెప్పలే. సుత్తి నా చేతికియ్యిన్రి, చెప్తా.”

“నాకు ‘గట్టి’ అనే వినిపించింది” అంటూ ఆమె నన్ను అందించింది.

అతను రెండు వేళ్లతో పట్టుకొని ఒక్కటి వేశాడు. “గుల్ల. లోపల సలాక ఉబ్బింది.”

“ఖాయమా?”

“నన్నేంది అడుగుడు? కోసి సూడున్రి.”

ఆ సమాధానం నాకెంతో నచ్చింది. కింద మనుషుల్ని తప్పించి, వల కట్టించి, ఉలి ఆనించారు. రెండో దెబ్బకే తలుపు రెక్కంత పెచ్చు ఊడి వలలో పడింది. లోపలి ఇనుప సలాక తుప్పుపట్టి పొరలుపొరలుగా లేచి ఉంది.

నిరుపమ దాన్ని వేలితో గీకి చూసింది. తర్వాత రిజిస్టరు తెరిచి, ‘ధ్వని విన్నవారి సంతకం’ అన్న గడి దగ్గర ఆగింది.

“ఇక్కడ వెయ్యండి! విన్నవారి సంతకం!” అని గట్టిగా అరిచింది. నాలుగు అంతస్తుల కిటికీలు తెరుచుకున్నాయి.

“నేనేడ ఇన్న మేడం?”

“నేను విన్నాను, తప్పుగా. మీరే వెయ్యండి. రేపు పడమటి గోడ, పొద్దున్నే రావాలి.”

కుర్మయ్య నన్ను చంకలో ఇరికించుకొని, ఆ గడిలో బొటనవేలు ఒత్తాడు.