తొంభై ఏడు వేల కిలోమీటర్లు మింగిన పెన్‌డ్రైవ్

నేను ఒక పెన్‌డ్రైవ్‌ని. పేరులో పెన్ను ఉంది కానీ అక్షరం ముక్క రాయలేను. డ్రైవ్ ఉంది కానీ సైకిలు కూడా నడపలేను. ఒళ్లు మీ బొటనవేలంత, కడుపు ముప్ఫై రెండు జీబీ. ఎవరేం పెడితే అది తింటాను, ఇమ్మంటే ఇస్తాను, చెరిపెయ్యమంటే మర్చిపోయినట్టు నటిస్తాను. నటిస్తాను అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

పుట్టింది ఏ దేశమో నాకే సరిగ్గా తెలీదు. చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకున్న ఒకావిడ నన్ను ఒకసారి కంప్యూటర్లో గుచ్చి, పచ్చలైటు వెలగడం చూసి పక్కకి తోసేసింది. మా జాతికి బారసాల అంటే అంతే. అక్కణ్నుంచి అట్టపెట్టెల్లో దొర్లి దొర్లి రావులపాలెంలో ఒక ఫోటో స్టూడియోలో తేలాను. స్టూడియో ఆయన నాలో ఆరు గంటల పెళ్లి ఒకటి కుక్కి పెళ్లివారికి ఇచ్చాడు. వాళ్లు నన్ను ఒక్కసారే చూశారు, అదీ భోజనాల దగ్గర అలిగి లేచిపోయింది ఎవరో తేల్చుకోవడానికి. పెళ్లికొడుకు మేనమామ అని తేలింది. ఆ తరవాత నా మొహం చూసినవాడు లేడు.

కొన్నాళ్లకి ఆ పెళ్లికొడుకే నన్ను పట్టుకుని జూనియర్ కాలేజీ కంప్యూటర్ ల్యాబుకి వచ్చాడు. ఏదో కాగితం ప్రింటు తీయించుకుని కాగితం తీసుకెళ్లాడు, నన్ను వదిలేశాడు. ల్యాబు అసిస్టెంటు పేర్రాజు ఫోన్ చేసి చెబితే, "ఉంచేసుకోండి గురూగారూ, మాకు ఆల్బం ఉందిగా" అన్నాడు. అలా నేను పేర్రాజు సొత్తునయ్యాను.

పేర్రాజు నన్ను గుచ్చి ఫార్మాట్ నొక్కాడు. "ఇందులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా?" అని తెర అడిగింది. చదవకుండానే "సరే" నొక్కేశాడు. కంప్యూటర్ల గురించి పేర్రాజుకి తెలియనిది లేదు, తెర మీద ఏం రాసి ఉందో తప్ప. "సరే" అన్న బొత్తం కనపడితే చాలు, ఆయన వేలు దానంతటదే వెళ్లిపోతుంది. పెళ్లి మొత్తం పోయినట్టే అనుకున్నాడు. నేనూ పోయినట్టే ఊరుకున్నాను.

పేర్రాజు భార్య సత్యవేణి ఆర్టీసీ కండక్టరు. పధ్నాలుగేళ్లుగా కాకినాడ సర్వీసులో తిరుగుతోంది. ఆవిడ "రైట్ రైట్" అంటే గానీ బస్సు కదలదు, కానీ స్టీరింగు మీద ఆవిడ చెయ్యి ఒక్కరోజూ పడలేదు. బస్సు నడపాలని చిన్నప్పట్నుంచీ కోరిక. అందుకని సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, అత్తగారు మంగతాయారు ఇచ్చిన టీ తాగి, కంప్యూటర్లో బస్సు ఆట ముందు కూర్చునేది. కొండదారులు, జోరువాన, ఇరుకు వంతెనలు. ఒక్క ప్రమాదం కూడా లేకుండా లక్ష కిలోమీటర్లు నడిపితే ఆ ఆటలో బంగారు బ్యాడ్జీ ఇస్తారు. ఒక్కసారి గుద్దితే లెక్క మళ్లీ సున్నా. మూడేళ్లుగా ఆవిడ దేన్నీ గుద్దలేదు.

ఆవిడ బస్సు డ్రైవరు నూకరాజు మొదట్లో వెక్కిరించేవాడు. "కంప్యూటర్లో గుద్దితే రక్తం రాదు కదమ్మా, ఎంతైనా నడపొచ్చు" అనేవాడు. తొంభై వేలు దాటాక ఆయనే పొద్దున్నే బస్సెక్కుతూ "ఎంతయిందమ్మా?" అని అడగడం మొదలెట్టాడు. ఆయన అడిగితే డిపో అంతా అడిగినట్టే. "లక్షయిన రోజు దండ నేను తెస్తాను" అని నలుగురిలో మాటిచ్చేశాడు కూడా.

తొంభై ఐదు వేల దగ్గర కంప్యూటరు మొరాయించింది. అది ముసలిది, అందులో ఉన్న సిస్టం ఇంకా ముసలిది.

"ఏవండీ, బస్సు ఆగి ఆగి వెళ్తోందండీ. ముందు గేదె ఉందో లేదో గుద్దేదాకా తెలిసేలా లేదు. కాస్త చూద్దురూ" అంది సత్యవేణి.

ఆ ఒక్క ముక్కతో పేర్రాజు జన్మ ధన్యమైపోయింది. "ఈ ముసలి సిస్టం పీకేసి లినక్స్ వేసేద్దాం" అన్నాడు.

లినక్స్ అంటే పప్పుచారు లాంటిది. పేరు ఒకటే, ఇంటింటికీ తాలింపు వేరు. ఆ ఒక్కొక్క తాలింపునీ డిస్ట్రో అంటారు. ఎవరి ఇంటి పప్పుచారు వాళ్లకి అమృతం, పక్కింటిది కుడితి. పేర్రాజు తన ఫోన్లో ఉన్న లినక్స్ అభిమానుల గ్రూపులో "ఆటలకి ఏ డిస్ట్రో మంచిది?" అని అడిగాడు. డెబ్భై నాలుగు జవాబులొచ్చాయి. నలభై మంది పన్నెండు రకాలు చెప్పారు, మిగతావాళ్లు ఆ నలభై మందిని తిట్టారు. "మీ ల్యాబులో ఉన్న పాతదే వెయ్యండి, పదేళ్లుగా నడుస్తోందిగా" అని ఒకాయన పాపం నెమ్మదిగా అన్నాడు. ఆయన్ని అందరూ కలిసి తిట్టారు.

అప్పుడు పేర్రాజు నన్ను తయారుచేశాడు. ఒక కిటుకు ఉంది. దాంతో నా కడుపులో డిస్ట్రోలన్నిటినీ ఫైళ్లలాగా పక్కపక్కన పడుకోబెట్టొచ్చు, కావలసినదాన్ని లేపి కంప్యూటర్లో వేసుకోవచ్చు. వాటితో పాటు ఆవిడ ఆట మూట కూడా నాలోనే ఉండేది. డిస్ట్రో మార్చే ముందు పేర్రాజు ఆ రోజువరకూ నడిచిన కిలోమీటర్లన్నీ మూటకట్టి నాలో పెట్టేవాడు, కొత్తది వేశాక తిరిగి తీసేవాడు. ఆవిడ మూడేళ్లు నా చేతిలో పెట్టి నిశ్చింతగా డ్యూటీకి వెళ్లిపోయేది.

మొదటి డిస్ట్రోకే కుదుపు పోయింది. బస్సు వెన్నలా వెళ్లింది. ఆ సంగతి సత్యవేణికి తెలుసు, నాకు తెలుసు. పేర్రాజుకి మాత్రం తెలీదు, ఎందుకంటే ఆయన ఆట ఆడలేదు. తెర మీద వాల్‌పేపరు మార్చాడు, తెర ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. "ఇంకా అదే వాడుతున్నారా గురూగారూ?" అని ఎవడో అన్నాడు. అంతే, ఆదివారం కల్లా రెండోది. అది ఆటల కోసమే పుట్టానని చెప్పుకుంటుంది. దాని తరవాతది రోజూ అప్‌డేట్ అడుగుతుంది, పసిపిల్ల పాలకి ఏడ్చినట్టు. నాలుగోదాంట్లో శబ్దం రాలేదు. ఐదోదాంట్లో శబ్దం ఒకటే వచ్చింది. డ్యూటీ నుంచి వచ్చిన మనిషి తువ్వాలు భుజాన వేసుకుని తెర ముందు నిలబడితే "ఇన్‌స్టాల్ అవుతోంది, ఇరవై మూడు శాతం" అని కనపడేది.

"ఇవాళ కూడానా అండీ?" అనేది.

"ఇది ఆఖరు, వేణీ. దీంట్లో సెకనుకి ఆరు ఫ్రేములు ఎక్కువొస్తాయి, బొమ్మ ఇంకా నున్నగా కదులుతుంది."

"ఆయ్, మరి ఆ ఆరు ఫ్రేముల్లో నేనెప్పుడు కూర్చోవాలండీ?"

పేర్రాజు ఆ ప్రశ్ననీ గ్రూపులో పెడితే, వాళ్లు ఇంకో డిస్ట్రో పేరు చెప్పారు.

ఈలోగా దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు మంగతాయారు కూరగాయల కత్తికి, కుట్టుమిషనుకి, కోడలి టిక్కెట్ల మిషనుకి, కొడుకు కంప్యూటరుకి వరసగా తడి గంధం పూసి కుంకుమ పెట్టింది. బల్ల మీద నేను కనపడ్డాను. ఆవిడకి నాకు మొహం ఎటువైపో తెలీలేదు. కంప్యూటర్లో గుచ్చే ఇనుపమూతే మొహమనుకుని నిండుగా అద్దింది.

"అమ్మా! కరెంటు వస్తువుకి బొట్టేంటే?" అని పేర్రాజు గావుకేక పెట్టి లాక్కుని పంచెకొంగుతో తుడిచాడు.

"ఒరేయ్ రాజూ, నీ తిండీ నిద్రా అన్నీ అదే కదరా ఇప్పుడు. దానికి కాక ఇంకెవరికి పెట్టనూ?" అంది ఆవిడ.

పైపైన పోయింది కానీ లోపల కొంచెం గంధం ఎండిపోయి నిలిచింది. అప్పట్నుంచి నన్ను రెండుసార్లు ఊపితే గానీ కంప్యూటరు పట్టుకునేది కాదు. పేర్రాజు దానికి కూడా ఏదో డిస్ట్రోనే తిట్టుకున్నాడు.

ఏడు డిస్ట్రోలయ్యాయి. తొంభై ఏడు వేల తొమ్మిది వందల పన్నెండు కిలోమీటర్లయ్యాయి. అప్పుడు గ్రూపులో ఎనిమిదో దాని పేరు మోగింది. ఆదివారం పేర్రాజు పద్ధతిగా మూటకట్టి నాలో పెట్టాడు, కంప్యూటరు మొత్తం చెరిపేశాడు, ఎనిమిదోదాన్ని లేపాడు. అది సగంలో కూలబడింది. "దాన్ని అలా వెయ్యకూడదు, పెన్‌డ్రైవ్ మీద నేరుగా రాయాలి" అని గ్రూపు గురువులు సెలవిచ్చారు. ఇంట్లో కంప్యూటరు ఖాళీ. అందుకని సోమవారం పొద్దున్న నన్ను జేబులో వేసుకుని ల్యాబుకి వెళ్లాడు.

ల్యాబులో గుచ్చాడు, ఊపాడు. తెర అడిగింది. "ఇందులో ఉన్నవన్నీ పోతాయి, సరేనా?"

నాకు నోరుంటే ఆ రోజు అరిచేవాణ్ని. ఇంత కడుపు ఇచ్చి ఒక్క మాట పలికే నోరు ఇవ్వలేదు నన్ను చేసినవాళ్లు. పేర్రాజు వేలు చదవకుండానే వెళ్లిపోయింది. రాత మొదలైంది. మొదట్లో ఉన్న డిస్ట్రోల మీద నుంచి రోడ్డు రోలరులా వస్తోంది. ఆవిడ మూట కాస్త దూరంలో ఉంది. ఒక శాతం, నాలుగు, ఎనిమిది. తొమ్మిదో శాతం దగ్గర గంధం అడ్డుపడి నా పట్టు జారింది. తెర మీద ఎర్రగీత వచ్చింది.

పేర్రాజు విసుక్కుంటూ నన్ను పీకి, నోట్లో ఊది, మళ్లీ గుచ్చాడు. నాలో ఏమీ కనపడలేదు.  "వేణి బస్సు" అన్నాడు మెల్లిగా. ల్యాబులో వినడానికి నేను తప్ప ఎవరూ లేరు.

సాయంత్రం ఆరింటికి సత్యవేణి వచ్చి టిక్కెట్ల మిషను బల్ల మీద పెట్టింది. పేర్రాజు లేచి నిలబడ్డాడు.

"వేణీ, నీ బస్సు పోయింది."

"ఎక్కడికండీ?" అంది.

ఆయన చెప్పాడు. ఒక్కటీ దాచలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. ఆవిడ తువ్వాలు మడిచి కుర్చీ మీద వేసి కూర్చుంది.

"ఏడు మార్చారు కదండీ. ఆ ఆట ఒక్కసారైనా ఆడారా?"

"లేదు."

"కుదుపు తగ్గించమన్నాను. బస్సుని గోదాట్లో తొయ్యమన్నానా? రేపు నూకరాజుగారు ఎంతయిందమ్మా అంటారు. ఏం చెప్పనండీ?"

 నాకు సిగ్గేసింది. మింగింది నేనే కదా.

మర్నాడు నూకరాజు అడిగాడట. ఆవిడ "సున్నా అండీ" అందట. కాకినాడ వెళ్లేదాకా ఆయన హారను కూడా కొట్టలేదట.

పేర్రాజు రెండ్రోజులు సెలవు పెట్టి ల్యాబులోనే కూర్చున్నాడు. స్పిరిటులో దూది ముంచి నా నోరు కడిగాడు. చెరిగిపోయిన జాగాలో అడుగడుగూ తవ్వి చూసే ప్రోగ్రాం ఒకటి పెట్టాడు. నేను మర్చిపోయినట్టు నటిస్తానని ముందే చెప్పాను కదా, ఇప్పుడు నటన మానేశాను. ముందు పెళ్లి బయటికొచ్చింది. తలంబ్రాలు, బాజాలు, విస్తరి ముందు నుంచి లేచిపోతున్న మేనమామ. పేర్రాజు తల పట్టుకున్నాడు. ఆ తరవాత పేర్లు లేని మూటలు నూట పదహారు. ఒక్కొక్కటీ విప్పాడు. ఎనభై మూడోదాంట్లో బస్సు ఉంది. తొంభై ఏడు వేల తొమ్మిది వందల పన్నెండు.

పేర్రాజు బల్ల మీద తల పెట్టుకుని బావురుమన్నాడు. ఫ్రేములు ఎక్కువొచ్చిన రోజున కూడా ఆయన కళ్లలో నీళ్లు రాలేదు.

"గంధం అడ్డుపడబట్టి దక్కింది" అని ఇంటికొచ్చి ఒప్పుకున్నాడు. మంగతాయారు కుంకుమ భరిణె తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టుకుంది.

"ఇంతకీ ఏది వెయ్యమంటావు?" అని భార్యని అడిగాడు. మూడు నెలల్లో ఆ ప్రశ్న ఆవిణ్ని అడగడం అదే మొదలు.

"మీ ల్యాబులో పదేళ్లుగా ఎవరూ ముట్టుకోనిది ఉందట కదండీ. అది వేసి, మీరు కూడా ముట్టుకోకండి" అంది. నన్ను ఆయన చేతిలోంచి తీసుకుని, తాడు కట్టి తన టిక్కెట్ల సంచిలో వేసుకుంది. ఇప్పుడు నాలో ఉన్నది ఆవిడ మూట ఒక్కటే. డ్రైవ్ అన్న పేరు పెట్టుకున్నందుకు రోజూ నిజం బస్సులో కాకినాడ వెళ్లొస్తున్నాను.

మొన్న శనివారం సాయంత్రం నూకరాజు బంతిపూల దండతో వచ్చాడు. సత్యవేణి కంప్యూటరు ముందు కూర్చుంది. తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఒక్క కిలోమీటరుకి ముందు, స్టాపులో ఆగి ఉండగా, తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. కింద "సరే" అన్న బొత్తం నిగనిగలాడుతోంది. అందరూ పేర్రాజు వైపు చూశారు.

ఆయన వేలు లేచింది. గాల్లో ఆగింది. వంగి, కళ్లజోడు సర్దుకుని, బళ్లో పిల్లాడిలా పైకి చదివాడు. "కొత్త వెర్షన్ వచ్చింది. ఇప్పుడే మార్చాలా?" ఇన్నేళ్లలో ఆయన ఒక తెరని చివరిదాకా చదవగా నేను వినడం అదే మొదటిసారి.

పక్కనున్న "వద్దు" నొక్కాడు. రెండడుగులు వెనక్కి వేసి, భార్య మెడలోని విజిల్ అడిగి తీసుకుని ఊదాడు.

"రైట్ రైట్" అన్నాడు.

బస్సు కదిలింది.