జిప్పు కోసం ప్రార్థన

సంచిలో తువ్వాలు పెట్టింది అక్క. తీసింది. మళ్ళీ మడిచి పెట్టింది. పెట్టే ప్రతి వస్తువుకీ పెదవులు కదుపుతూనే ఉంది.

"ప్రభువా, ఈ తువ్వాలు ఆసుపత్రిలో ఎవరిదాంతోనూ కలిసిపోకుండా చూడు. ఈ చెప్పులు జారకుండా చూడు. ఈ జిప్పు ఊడకుండా చూడు."

మంచం మీద కూర్చున్న చెల్లెలికి నవ్వొచ్చింది. మర్నాడు ఆమె గుండెకి ఆపరేషన్. పాడైన వాల్వు తీసేసి కొత్తది వేస్తామన్నారు. ముప్పై ఏళ్ళు తపాలా ఆఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టిన మనిషి. నాన్చుడు వ్యవహారం ఆమెకి గిట్టదు.

"గుండె కోయించుకోడానికి పోతుంటే జిప్పు కోసం ప్రార్థనేంటే అక్కా?"

"నలభై ఏళ్ళుగా కుడుతున్నాను. జిప్పులు ఎప్పుడు మొరాయిస్తాయో నీకేం తెలుసు?"

"సండే స్కూల్లో పిల్లలకేమో సముద్రాన్ని రెండుగా చీల్చినవాడని చెప్తావు. ఇంటికొచ్చి ఆయన్ని రిపేరు పనులకి పిలుస్తావు. అసలు సంగతి అడగవేం?"

అక్క లేచి కిటికీ మూసింది. గాలి ఆడడం లేదని మళ్ళీ తెరిచింది.

నమ్మకం లేక కాదు, ఉండబట్టే అడగలేకపోతోంది. ఇరవై రెండేళ్ళ కిందట భర్తకి జ్వరం తలకెక్కినప్పుడు మూడు రోజులు మోకాళ్ళ మీదే ఉంది. "నీవల్ల కానిది లేదు, బతికించు" అని అడిగింది. భర్త పోయాడు. చేతకాని దేవుడైతే సరిపెట్టుకునేది. చేతనైనవాడే ఊరుకున్నాడు. అప్పట్నించీ, కాదన్నా తట్టుకోగలిగినవే అడుగుతోంది. బస్సులో సీటు. ఆరేసిన బట్టలకి ఎండ. సూది విరక్కుండా ఒక జాకెట్టు. అవి చాలావరకు ఇస్తూనే వచ్చాడు.

వీధిలోంచి మరిది, చెల్లెలి భర్త, కేకేశాడు. "వదినా! సంచి సర్దుతున్నారా, ఇల్లు ఖాళీ చేస్తున్నారా? టాక్సీవాడు గొణుగుతున్నాడు!"

"వస్తున్నాం, ఉండవయ్యా!"

చెల్లెలు కదల్లేదు. నవ్వు పోయింది.

"నాకు భయంగా ఉందే. ఆయన ఇస్తాడో లేదో ఆయనిష్టం. నువ్వు అడగ్గా నేను వినాలి. అడక్కుండా నన్ను పంపకు."

అక్కకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంచి పట్టీ సవరించింది, కొంగు సవరించింది. చివరికి మంచం పక్కన మోకరించి, చెల్లెలి గుండె మీద చెయ్యి వేసింది. దారం తెగిన మిషనులా తడబడుతోంది ఆ గుండె.

"తండ్రీ, ఇది జిప్పు కాదు. ఇది నా చెల్లెలు. నువ్వు చెయ్యగలవు, నాకు తెలుసు. దీన్ని నడిపించి ఇంటికి తీసుకురా."

'నీ చిత్తమైతే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వేలకొద్దీ సార్లు అన్న మాట అది. తప్పించుకోడానికి అదో తలుపు. ఈసారి మింగేసింది.

"ఇవ్వకపోతే నీతో పోట్లాడతాను. నిన్ను విడిచి మాత్రం ఎక్కడికీ పోను."

"ఆమెన్" అంది చెల్లెలు, వీధిలోకి వినబడేంత గట్టిగా. లేచి చెప్పులు వేసుకుంది.

టాక్సీ మలుపు తిరిగేదాకా అక్క వెనకే నడిచింది. ఇంటికొచ్చి కూర్చుంది, లేచింది, మళ్ళీ అదే అడిగింది. సాయంత్రందాకా అడుగుతూనే ఉంది.

చెల్లెలు తిరిగి రాలేదు. మర్నాడు, గురువారం, పదకొండూ పదికి ఆపరేషన్ బల్ల మీదే పోయింది.