పదివేల ఫైళ్ళ హద్దు

కాలేజీ కంప్యూటర్ సెంటర్లో ఆయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు. పాఠం చెప్పడం మానేసి ఇరవై ఏళ్ళయినా ఆ పిలుపు మాత్రం ఆయన్ని వదల్లేదు. సర్వర్ గది తాళం ఆయన దగ్గరే ఉంటుంది. కాలేజీలో అందరూ రాసుకున్నవీ దాచుకున్నవీ ఉండే డిస్కుల బాధ్యత ఆయనదే.

ఆ డిస్కులు నెల తిరక్కుండా నిండిపోయేవి. ఎవరో ఒకరు ఎక్కడెక్కడి వీడియోలూ తెచ్చి కుమ్మరించేవారు. పక్కవాళ్ళకి అక్షరం రాసుకునే చోటు మిగిలేది కాదు. తిట్లు మాత్రం మాస్టారికి. విసిగిపోయి చివరికి ఆయనే కూర్చుని కోటా పద్ధతి రాశారు. మనిషికి ఇంత చోటు, ఇన్ని ఫైళ్ళు. పదివేల ఫైళ్ళు దాటితే ముందు హెచ్చరిక వస్తుంది. ఏడు రోజులు గడువిస్తుంది. ఈలోగా తగ్గించుకోకపోతే ఇక కొత్త ఫైలు పెట్టనివ్వదు. ఎవరికీ మినహాయింపు లేదు, ప్రిన్సిపాల్‌కైనా సరే. ఆ చివరి మాట కింద ఆయన గీత కూడా గీశారు.

పద్ధతిని పరీక్షించే పని ఆయన పక్క కుర్చీలోని ఇంజనీరమ్మది. ఇద్దరు పిల్లల తల్లి, నోటికి తాళం లేని మనిషి. ఒక ఉత్తుత్తి అకౌంటు తెరిచి, రెండు రోజులపాటు దాన్ని చెత్తతో నింపింది. పన్నెండు పరీక్షల కాగితం మీద పదకొండు టిక్కులు పడ్డాయి. ఏడు రోజుల గడువు అయిపోయాక నిజంగానే ఆపుతుందా అన్న ఒక్కటే మిగిలింది.

మంగళవారం సాయంత్రం అసలు అకౌంట్లన్నిటికీ కోటా తగిలించి, హద్దు దాటినవాళ్ళ జాబితా తీసింది. పకపకా నవ్వింది.

"చూశారా మాస్టారూ, మనం వీడియోల వాళ్ళ మీద యుద్ధం ప్రకటిస్తే దొరికింది లైబ్రరీ అకౌంటు! అన్నీ కలిపినా ఒక్క ఫొటో అంత బరువుండదు. ఫైళ్ళు మాత్రం పదివేల డెబ్బై ఒకటి. ఎవరండీ ఈ చీమలబారు పెట్టింది?" అంటూ పేరు చూసి నాలుక కరుచుకుంది.

అది మాస్టారి భార్య అకౌంటు. పై అంతస్తులో లైబ్రరీ చూసుకునేది. పోయి పదిహేను నెలలైంది.

"ఆవిడకదో పట్టుదల," అన్నారాయన మెల్లగా. "పుస్తకానికి ఒక కార్డు ఉన్నట్టు, సంగతికి ఒక ఫైలు ఉండాలనేది. ఎవరైనా గొడుగు మర్చిపోతే ఒక ఫైలు. ఎవరైనా పుస్తకం అడిగితే, లేకపోతే, దానికో ఫైలు. రెండు ముక్కలే రాసేది."

ఇంజనీరమ్మ తలూపింది. ఇంతలో తెర మీదకి వంగి చూసి, మొహం గంభీరం చేసుకుంది.

"మాస్టారూ, ఒక్క నిమిషం. ఇందులో నిన్న అయిదింటికి కొత్త ఫైలు పడింది. మొన్నా అంతే. రోజూ అయిదింటికే! ఎవడో దొంగ దూరాడు. ఉండండి, ఏ కంప్యూటర్ నుంచి వస్తున్నాడో ఇప్పుడే పట్టేస్తాను."

"పట్టక్కర్లేదమ్మా." మాస్టారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "ఆ దొంగ నేనే."

ఆమె మౌసు మీంచి చెయ్యి తీసేసింది.

లైబ్రరీ మూసేది అయిదింటికి. పాతికేళ్ళు ఆ వేళకి ఆయన మెట్లెక్కి వెళ్ళి, ఆవిడ సంచీ అందుకుని, ఇద్దరూ కలిసి ఇంటికి నడిచేవారు. ఆవిడ పోయాక అయిదవుతుంటే ఆయనకి కాళ్ళు ఎటు వెయ్యాలో తెలిసేది కాదు. ఒకరోజు ఆవిడ అకౌంటు తెరిచి, ఆవిడ పద్ధతిలోనే ఒక ఫైలు పెట్టారు. 'నీ కుండీలో మొక్క బతికే ఉంది.' మర్నాడు ఇంకొకటి. 'పై గుండీ ఊడింది, నేనే కుట్టుకున్నాను, వంకరగా.' అలా నాలుగు వందల ముప్పై ఒకటి అయ్యాయి. ఆవిడవి తొమ్మిది వేల ఆరు వందల నలభై. ఆవిడ ఏనాడూ హద్దు దాటలేదు. దాటించింది ఆయన.

"మీవన్నీ కలిపి ఒకే ఫైలు చేసెయ్యండి, సమస్య తీరిపోతుంది," అంది ఇంజనీరమ్మ గొంతు తగ్గించి.

"సంగతికి ఒక ఫైలు. మూట కడితే ఆవిడ ఊరుకోదు."

"పోనీ మీ అకౌంట్లో రాసుకోండి."

"ఉత్తరం రాసి నా జేబులోనే పెట్టుకున్నట్టుంటుందమ్మా."

"అయితే ఈ ఒక్కదానికి హద్దు పెంచేస్తాను. అరనిమిషం పని. ఎవరికి తెలుస్తుంది?"

ఆయన నియమాల కాగితం మీద తను గీసిన గీత చూసుకున్నారు. "పన్నెండో పరీక్షకి నిజమైన అకౌంటు కావాలిగా," అన్నారు. "దీంతోనే కానిద్దాం."

ఆ వారం ఆయనకి అన్నం సహించలేదు. డెబ్బై ఒకటి తీసేస్తే చాలు, మళ్ళీ రాసుకోవచ్చు. రోజూ కూర్చునేవారు. తనవి తీసేద్దామంటే, మొక్క సంగతి చెప్పాక వెనక్కి తీసుకోవడమెలా? ఆవిడవి ముట్టుకోవడం కల్లోమాట. అసలు ఆవిడ ఫైళ్ళు ఒక్కటీ ఆయన తెరిచి చూడలేదు. చదివితే అయిపోతాయని భయం. అయిపోతే ఆవిడ దగ్గర్నుంచి ఇక కొత్త మాటంటూ ఉండదు. ఒక్కటీ తీయకుండానే రోజుకొకటి చొప్పున ఇంకో ఏడు రాశారు.

మళ్ళీ మంగళవారం వచ్చింది. అయిదయ్యేసరికి గడువు ముగిసింది. ఇంజనీరమ్మ సంచీ భుజాన వేసుకుని కూడా వెళ్ళకుండా వెనక నిలబడింది. మాస్టారు టైపు చేశారు. 'ఇవాళ వాన. గొడుగు తెచ్చుకున్నాను.' దాచబోతే దాచనివ్వలేదు. కోటా మించిందని ఒక్క వరస వచ్చింది. ఆయన మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే వరస.

"పని చేస్తోంది," అన్నారు. "టిక్కు పెట్టమ్మా."

ఆమె పెట్టలేదు. కాగితం బోర్లించి, "మాస్టారూ, అది రాయడాన్నే ఆపుతుంది," అంది. "చదవడానికి అడ్డేం లేదు." తలుపు చప్పుడవకుండా దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

ఏసీ రొద తప్ప గదిలో ఇంకేం వినబడటం లేదు. ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. తర్వాత అన్నిటికన్నా పాత ఫైలు తెరిచారు. ఆవిడ కొత్తగా ఉద్యోగంలో చేరిన నెల అది. పెళ్ళి మాట ఇంకా ఎవరి నోటా రాని రోజులు.

'లెక్కల మాస్టారు కళ్ళద్దాలు మా బల్ల మీద మర్చిపోయారు. ఇది మూడోసారి. పంపించను. ఆయనే వస్తారు.'

ఆయన కళ్ళద్దాలు తీశారు. తుడిచి పెట్టుకున్నారు. అయినా అక్షరాలు అలుక్కుపోయే కనబడ్డాయి.

కాస్త తేరుకున్నాక, లెక్కలు చెప్పిన మనిషి కాబట్టి, లెక్క వేసుకున్నారు. ఇంకా తొమ్మిది వేల ఆరు వందల ముప్పై తొమ్మిది. రోజుకి ఒకటి చొప్పున ఇరవై ఆరేళ్ళు. ఇప్పుడు తనకి యాభై తొమ్మిది. అవి అయిపోయేదాకా తను ఉంటాడో లేదో.

రెండోది తెరవలేదు. రేపటికి ఉంచారు. కాగితం తిరగేసి పన్నెండో గడిలో తనే టిక్కు పెట్టి, గొడుగు తీసుకుని మెట్లు దిగారు.