నావోకి రెండు గొంతులు

నావో పాత్ర దోర్కాకేనని డబ్బింగ్ డైరెక్టర్ గిరిధర్ శుభవార్త చెప్పినట్టే చెప్పాడు. నాచారంలోని ఆ స్టూడియోలో అప్పటిదాకా ఆమెకు దక్కినవి పనిమనుషుల పాత్రలూ, గుంపులో అరుపులూ. ఇది తెలుగులోకి మారుస్తున్న జపాన్ యానిమే, అంటే బొమ్మల సినిమా. ఒక నక్షత్రం నుంచి మాయాశక్తి పొందిన ఐదుగురు స్కూలు అమ్మాయిల కథ. ఆ శక్తిని వాడిన ప్రతిసారీ, వాడిన అమ్మాయిని ఆమె సొంతవాళ్లలో ఒకరు శాశ్వతంగా మరిచిపోతారు. ఐదుగురిలో నావో ఒక్కతే నల్లపిల్ల. అందరికన్నా చివర చేరి, అందరికన్నా ముందు చనిపోతుంది.

స్క్రిప్టు చదివేసరికి దోర్కాకి ఒళ్లు మండింది. మిగతా నలుగురూ పుస్తకాల తెలుగు మాట్లాడుతుంటే, నావో ఒక్కతే తెలంగాణ యాసలో, అదీ నవ్వు పుట్టాల్సిన చోటల్లా మాట్లాడుతోంది.

"జపాన్ల గూడ ఈ పిల్ల వేరే తీరు మాట్లాడుతదా సార్?" అని అడిగింది.

లేదన్నాడు గిరిధర్. అక్కడ అందరిదీ ఒకే భాషట. మాస్ టచ్ కోసం తామే మార్చామనీ, ఆ మొహానికి ఆ యాస చక్కగా అతుకుతుందనీ చెప్పి టీ తాగుతూ కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న దోర్కా రంగు కూడా అదేనన్న ధ్యాసే అతనికి లేదు.

చిల్కానగర్‌లోని ఇంట్లో తల్లి లూర్దమ్మ ప్రార్థన చేసేది ఆ యాసలోనే, ఏడ్చేదీ ఆ యాసలోనే. అయినా ఇంత పెద్ద పాత్ర మళ్లీ రాదని దోర్కా నోరు మూసుకుని నవ్వించే మాటలన్నీ రికార్డు చేసింది.

ఆఖరి సీను వచ్చింది. చనిపోయే ముందు నావో ఇంటికి ఫోన్ చేస్తుంది. తల్లి గుర్తుపట్టదు. ఆ పేజీలో మాత్రం యాస లేదు, అంతా శుభ్రమైన తెలుగు. దోర్కా కాగితం పక్కన పెట్టి మైకు ముందుకు వెళ్లింది.

"అమ్మా, నేనే. నావోను. జర యాది జేసుకోవే."

సౌండ్ ఇంజినీరు తిరుపతి రికార్డింగు ఆపడం మరిచిపోయాడు. గిరిధర్ లోపలికొచ్చి, పక్కన పెట్టిన కాగితం మళ్లీ ఆమె చేతికిచ్చాడు.

"బాగా చెప్పావమ్మా. కానీ చావు సీను కదా, జనం నవ్వుతారు. రాసింది రాసినట్టు చెప్పు."

"నవ్వనీకి మా మాట, ఏడ్వనీకి మీ మాటనా సార్?"

అతను మళ్లీ మొదలుపెట్టమని తిరుపతికి సైగ చేశాడు. ఆమె రాసినట్టే చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా పాఠం అప్పజెప్పినట్టే వచ్చింది. చివరికి ఆ సీను, హీరోయిన్‌కి గొంతు ఇస్తున్న కావ్య చేత చెప్పించారు.

సినిమా విడుదలయ్యాక దోర్కా తల్లిని తీసుకుని ఉప్పల్‌లోని థియేటర్‌కి వెళ్లింది. నావో నోరు తెరిచినప్పుడల్లా హాలు నవ్వింది. చనిపోయేటప్పుడు అంతా నిశ్శబ్దం.

"గా పిల్ల సచ్చేటప్పుడు గొంతు మారిందేందే? నీకు జలుబు జేసిందా?" అంది లూర్దమ్మ.

"అది నేను గాదమ్మా."

లూర్దమ్మకు అర్థం కాలేదు. దోర్కాకి వివరించే ఓపిక లేకపోయింది.

కొన్నాళ్లకు గిరిధర్ ఫోన్ చేశాడు. మరో యానిమే, ఈసారి దొంగపిల్ల, అదే యాస.

"మొదటి మాట కాంచి ఆఖరి మాట దాంక నేనే జెప్త సార్, అంతా ఒక్క తీరుగనే. గట్లయితేనే వస్త."

కనుక్కుని చెబుతానన్నాడు. వారాలు గడిచాయి. స్టూడియో నంబరు నుంచి ఫోన్ రాలేదు, దోర్కా కూడా చేయలేదు.