లేవని వీరుడు

క్రిస్మస్ మర్నాడు వీరుడి ఆట అనే వీధినాటకం ఆడటం ఆ ఊళ్లో తాతలనాటి ఆనవాయితీ. టర్కీ యోధుడి కత్తికి వీరుడు కూలిపోతాడు. డాక్టరు వచ్చి నోట్లో చుక్క మందు వేస్తాడు. వీరుడు లేచి గంతులేస్తాడు. ఏడేళ్లపాటు ఆ వీరుడి వేషం హెస్టర్ కొడుకు రూబెన్‌దే. వాడు ఫ్రాన్సులో యుద్ధానికి వెళ్లి చనిపోయాడు. శవం కూడా ఇంటికి రాలేదు.

యుద్ధం ముగిశాక మళ్లీ ఆట ఆడదామన్నారు గానీ, వీరుడి మాటలు వచ్చిన కుర్రాడు ఊళ్లో ఒక్కడూ మిగల్లేదు.

"నాకొచ్చు. వాడికి నేర్పింది నేనేగా," అంది హెస్టర్.

"ఆడవాళ్లు వేషం కట్టడమేంటక్కా?" అని నసిగాడు డాక్టరు వేషం వేసే కమ్మరి ఓబెడ్.

"వీరుడి వేషంలో మొహం నిండా కాగితం పీలికలు వేలాడుతుంటే ఆడో మగో ఎవడికి తెలుస్తుందిరా? నోర్మూసుకుని నీ మందు సీసా తెచ్చుకో."

పబ్బు ముందు మంచులో ఆట బాగా రక్తి కట్టింది. కత్తి తగలగానే హెస్టర్ వెల్లకిలా పడింది. ఓబెడ్ చుక్క వేసి, "లే వీరుడా, మళ్లీ పోరాడు!" అని అరిచాడు. ఆమె కదల్లేదు. వేళాకోళమనుకుని జనం విరగబడి నవ్వారు. అతను మళ్లీ అరిచాడు. మూడోసారికి నవ్వులు ఆగిపోయాయి.

ఓబెడ్ గాభరాగా ఆమె మీదికి వంగి, "దెబ్బ తగిలిందా అక్కా? లే, అందరూ చూస్తున్నారు," అన్నాడు.

పీలికల కింద నుంచి ఆమె గొంతు వినిపించింది.

"కాస్త ఆగరా ఓబెడ్. మావాణ్ణి లేపడానికి ఇంత తొందరగా ఎవరూ రాలేదు."