అన్నయ్య దగ్గరున్న తాళం

కారు తాళం పోయిందని వదిన ఫోన్ చేస్తే చిన్నోడు నమ్మాడు. కార్ల తాళాలు చేయడమే అతని బతుకుతెరువు. పోగొట్టుకున్నవాళ్లు ఎలా మాట్లాడతారో అతనికి తెలుసు. తమ మీద తామే విసుక్కుంటారు. వదిన గొంతులో విసుగు లేదు, తొందర ఉంది. ఆ తేడా అతనికి అప్పుడు తట్టలేదు.

తుంపరలో వ్యాన్ ఆపేసరికి కారు ఎప్పటిలాగే వీధిలో, మేడ మీది కిటికీ కింద ఉంది. కిటికీలోంచి అమ్మ తొంగి చూసింది.

“వచ్చావా దొరా. ఊళ్లో తాళాలన్నీ నువ్వే బాగుచేస్తావు. మనింటి గడియ ఊడిపోయి ఎన్నాళ్లయిందో మాత్రం నీకు పట్టదు.”

“చూస్తాలేమ్మా.”

“చూస్తూనే ఉంటావు. కళ్లకేం, మంచివే.”

వదిన మెట్లు దిగి వచ్చింది. భుజాన సంచి, తడిసిన జుట్టు. వీధిలో పిల్లల్ని బడికి చేర్చి తీసుకురావడం ఆమె పని. ఆ కారు కదలకపోతే ఇల్లు కదలదు.

“కొత్తది చేస్తే పాతవన్నీ పనికిరాకుండా పోతాయి కదూ?” అని గొంతు తగ్గించి అడిగింది.

“చేతిలో ఒక్కటీ లేనప్పుడు అంతే వదినా. ఈ తాళంలో చిన్న చిప్పు ఉంటుంది. దాన్ని కారు గుర్తుపడితేనే ఇంజిన్ స్టార్టవుతుంది. ఇప్పుడు ఆ గుర్తులన్నీ తుడిచేయాలి. తర్వాత నేను చూపించిన తాళాలే దానికి తెలుస్తాయి.”

“మీ అన్నయ్య దగ్గరున్నది కూడా పోతుందా?”

“పోతుంది.”

ఆమె ఊపిరి వదిలింది. దిగులుతో అనుకున్నాడు అతను.

ఉద్యోగం పోయాక అన్నయ్య కొన్నాళ్లు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఒకరోజు జేబులో కారు తాళంతో బయటికి వెళ్లి తిరిగి రాలేదు. ఎక్కడున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. చిన్నోడికి తెలుసు. ఈమధ్యే ఒక సాయంత్రం గడ్డం పెరిగిన మనిషి తన తాళాల కొట్టుకి వచ్చి, తాళం బల్ల మీద పెట్టాడు. ‘దీన్లో సెల్ అయిపోయిందిరా, కొత్తది వెయ్యి. రాత్రిళ్లు ఆ కార్లోనే పడుకుంటున్నా. తెల్లారేలోపు వెళ్లిపోతా. ఇంట్లో చెప్పకు.’ చిన్నోడు సెల్ వేశాడు, అన్నయ్య ఇచ్చిన కొత్త ఫోన్ నంబరు రాసుకున్నాడు, నోరు మూసుకున్నాడు.

ఇప్పుడు ఆ తాళాన్ని తన చేత్తోనే చంపాలి. అన్నయ్యకున్న ఆ నీడ కూడా పోతుంది. ఏదో ఒక వంక చెప్పి పని రేపటికి తోసేద్దామనుకుంటూ, పనిముట్టుతో తలుపు తెరిచి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. వదిన పక్క సీట్లో కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది.

స్టీరింగ్ ముందున్న తెర మీద కారు ఏం చూపిస్తుందో చూద్దామని, అలవాటు కొద్దీ బ్రేక్ తొక్కి బటన్ నొక్కాడు.

కారు స్టార్టయింది.

వైపర్ ఒకసారి ఇటు నుంచి అటు వెళ్లింది. చిన్నోడు ఇంజిన్ ఆపేశాడు.

“వదినా, తాళం నీ సంచిలో ఉంది.”

ఆమె ముఖంలో రక్తం లేదు. “ఇంట్లో పెడితే అత్తయ్య కంట పడుతుందని వెంట తెచ్చాను. జేబులోంచి తియ్యకపోయినా స్టార్టవుతుందని తెలుసు. కంగార్లో మరిచిపోయాను.”

“పోలేదన్నమాట. మరి నాకెందుకు అబద్ధం చెప్పావు?”

“ఆయన తాళం తీసెయ్యి అని అడిగితే నువ్వు తీసేవాడివా? మీ అమ్మ తియ్యనిచ్చేదా? నా కొడుకు వచ్చే దారి మూస్తావా అని ఇల్లు పీకి పందిరేసేది.”

చిన్నోడికి కోపం వచ్చింది. ఆ కోపంలో నోరు జారాడు. “ఈ చలిలో అన్నయ్య ఎక్కడ పడుకుంటాడు?”

వదిన మెల్లగా అతనివైపు తిరిగింది. “నీకు తెలుసన్నమాట.”

అతను తల దించుకున్నాడు.

“పొద్దున్నే సీటు వెనక్కి వాలి ఉండేది. అద్దం పక్కకి తిరిగి ఉండేది. ఆయనేనని మొదటిరోజే తెలిసింది. పడుకోనీలే అని ఊరుకున్నాను. నాకూ మనసుంది చిన్నోడా.” ఆమె వెనక సీటు వైపు చూపించింది. “ఇది పెట్టడం మొదలుపెట్టాకే నాకు భయం పట్టుకుంది.”

వెనక, అన్నయ్య కూతురు పాప కూర్చునే చోట, బెల్టు పెట్టి ఉంది. ఖాళీ సీటు మీదుగా బిగించి, వదులు లేకుండా సర్ది ఉంది.

“రోజూ విప్పుతాను. మర్నాటికి మళ్లీ పెట్టి ఉంటుంది.”

“పాప గుర్తొచ్చి...”

“విను. ఇల్లొదిలి వెళ్లిన రోజు మమ్మల్నిద్దర్నీ షికారుకని ఎక్కించుకున్నాడు. పాపకి తనే బెల్టు పెట్టాడు, ఇలాగే బిగించి. చెరువు గట్టు మీద స్పీడు పెంచాడు. ముగ్గురం కలిసే పోదాం, ఎవరూ మిగలకూడదు అన్నాడు. అరవలేదు, ఏడవలేదు. కూరగాయలు తెద్దాం అన్నట్టు చెప్పాడు. నేను స్టీరింగ్ లాగేస్తే కారు మట్టి దిబ్బకి గుద్దుకుని ఆగింది. ఆయన దిగి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.”

“మాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీ అమ్మ నమ్మేదా? నువ్వు నమ్మేవాడివా?”

ఆ తాళానికి కొత్త సెల్ వేసింది తానేనని చెప్పబోయాడు చిన్నోడు. మానుకున్నాడు.

వ్యాన్‌లోంచి మిషన్ తెచ్చి స్టీరింగ్ కింద తగిలించాడు. కారుకి తెలిసిన తాళాలు రెండని తెర మీద చూపించింది. రెండూ తుడిచేశాడు. వదిన చేతిలోని తాళాన్ని మాత్రం తిరిగి నేర్పాడు.

“అయిపోయిందా?”

అయిపోయిందని చెప్పి వెళ్లిపోవచ్చు. ఆమెకి తెలిసే అవకాశమే లేదు. అన్నయ్యకి ఇంజిన్ దక్కదు, నిద్ర దక్కుతుంది. కానీ ఆ వెనక బెల్టు అతని కళ్లముందు నుంచి కదలడం లేదు. పొద్దున్నే పాప స్కూలు బ్యాగుతో ఈ తలుపు తీస్తుంది. లోపల అన్నయ్య ఇంకా లేవకపోతే?

“కాలేదు వదినా. తాళం లోపల సన్నటి ఇనప చెవి దాగి ఉంటుంది. సెల్ పోయినప్పుడు తలుపు తియ్యడానికి. దానికి చిప్పుతో పని లేదు. నేను తుడిచింది ఇంజిన్ స్టార్టవకుండా. తలుపు ఇంకా తీసుకుంటాడు.”

“మరి దాన్నీ మార్చెయ్యి.”

అతను తలుపు రేకు విప్పి, చెవి దూరే పాత తాళం గుండు బయటికి లాగి, కొత్తది బిగించాడు.

కిటికీలోంచి అమ్మ మళ్లీ తొంగి చూసింది. “ఏం చేస్తున్నావురా అంతసేపు? పెద్దోడి దగ్గరున్న తాళం పాడుచెయ్యకు. వాడొస్తే తీసుకోవాలి.”

వదిన చూపు నేలకి దిగింది.

“పని చేస్తుందిలేమ్మా” అన్నాడు చిన్నోడు.

“అదీ. నీకైనా బుద్ధుంది.”

పని అయ్యాక అతను తన ఇంటికి వెళ్లలేదు. వీధి మలుపులో వ్యాన్ పెట్టి, లైట్లు ఆర్పి కూర్చున్నాడు. చీకటి పడుతుండగా తలకి గుడ్డ చుట్టుకున్న మనిషి గోడ వారగా వచ్చాడు. కారు దగ్గర ఆగి తాళం నొక్కాడు. లైట్లు మిణకలేదు. మళ్లీ నొక్కాడు. తాళంలోంచి ఇనప చెవి తీసి తలుపులో పెట్టాడు. తిరగలేదు. బలంగా తిప్పాడు, ఆగాడు. వెనక కిటికీ అద్దానికి రెండు చేతులూ ఆనించి లోపలికి చాలాసేపు చూశాడు. వదిన బెల్టు ఎప్పుడో విప్పేసింది.

తర్వాత తలెత్తి మేడ మీది కిటికీ వైపు చూశాడు. ఒక అడుగు మెట్ల వైపు వేశాడు.

చిన్నోడు ఫోన్ చేశాడు.

“అన్నయ్యా.”

“ఒరేయ్, ఈ తాళం పని చెయ్యట్లేదురా.” కసురుకోలేదు. గొంతు మామూలుగా, మెత్తగా ఉంది. “పైకెళ్లి పాపనొకసారి చూసొస్తా.”

“వద్దు. ఇటు చూడు, మలుపులో నా వ్యాన్ ఉంది. తడిసిపోతున్నావు, రా.”

అన్నయ్య చేతిలోని తాళం వైపు చూసుకున్నాడు.

“నువ్వే మార్చావా?”

“నేనే.”

అన్నయ్య మెట్ల దగ్గర అలాగే నిలబడ్డాడు. ఇంకోసారి కిటికీ వైపు చూసి, ఫోన్ చెవినుంచి తీయకుండానే మెల్లగా వ్యాన్ వైపు నడవడం మొదలుపెట్టాడు. చిన్నోడు చెయ్యి చాపి పక్క తలుపు తీసి ఉంచాడు. అన్నయ్య దగ్గరికి వచ్చేలోపు వ్యాన్ తాళం ఊడబెరికి, పిడికిట్లో గట్టిగా పట్టుకున్నాడు.