పగడానికి పరదా

సన్నటి ప్లాస్టిక్ గొట్టానికి వేసిన ముడిని అతను ఇంకాస్త బిగించాడు. గాజుతొట్టెలోంచి దిగుతున్న ఉప్పునీటి ధార సన్నబడి, చుక్కలు చుక్కలుగా కింది బకెట్లో పడసాగింది. చేపలమ్మే షాపు నుంచి తెచ్చిన నీళ్లలోనే, బకెట్ అడుగున, తొట్టె నీటికి మెల్లగా అలవాటు పడాల్సిన కొత్త పగడం ముడుచుకుని ఉంది. గోధుమరంగు రాతిముక్క, దాని నెత్తిన లోపలికి లాక్కున్న ఆకుపచ్చటి కండ. చెబితే తప్ప దాన్ని ఎవరూ ప్రాణి అనుకోరు.

"ఇంకెంతసేపండీ? ఎత్తి తొట్లో పడేస్తే పోలా?" అంది భార్య వంటింటి గుమ్మంలోంచి.

"ఊహూ."

అతనికి అది పెద్ద మాటే. కర్టెన్లు కుట్టే పనిలో జీవితమంతా పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని గడిపాడేమో, సూదులు లేనప్పుడు కూడా నోరు పూర్తిగా తెరిచేవాడు కాదు. వీధిలో వాళ్లకు అతను కర్టెన్లాయన. అంతకు మించి తెలుసుకోవలసింది ఉందని కూడా ఎవరూ అనుకోలేదు.

అతని వంతు మాటలు కూడా భార్యే మాట్లాడేది. "పగడం తెస్తున్నానంటే నా మెడలోకనుకుని మురిసిపోయాను. తీరా చూస్తే మీ రెండో సంసారానికి!"

రెండో సంసారమంటే ఆ తొట్టె. పెళ్లైన కొత్తలో ఆమెకు సముద్రం చూపిస్తానన్నాడు. ఒకసారి షాపులో పని తెమలలేదు, ఒకసారి ఆమెకు ఒంట్లో బాగాలేదు, అలా సముద్రం వెనక్కి వెనక్కి జరుగుతూ వచ్చింది. ఇప్పుడామెకు మోకాళ్ల నొప్పులతో నాలుగు మెట్లు దిగడమే గగనం. అందుకని, ఎవరికీ చెప్పకుండా, సముద్రాన్నే ముందుగదిలోకి తెచ్చే పనిలో పడ్డాడు.

మొదట తెచ్చిన పగడాన్ని అతని తొందరే చంపింది. ఆమెకు బాగా కనబడాలని, తెచ్చిన రోజే పైరాతి మీద, సరిగ్గా తొట్టె పైన వెలిగే దీపం కింద పెట్టాడు. వారం తిరక్కుండానే అది సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది. ఆమె ఏమీ అనలేదు. అంత మాటకారి మనిషి ఏమీ అనకపోవడం అతని మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈ ఒక్కటైనా విచ్చుకోవాలి, ఆమె చూడాలి. అంతకు మించి అతనికి కోరికలు లేవు.

బకెట్ నిండాక చొక్కా చేతులు పైకి మడిచి, రాతిని రెండు వేళ్లతో పట్టుకుని తీశాడు. తొట్టె అడుగున, నీటి వడి తక్కువగా ఉన్న మూల, ఇసుకలో కుదురుగా నిలిపాడు. దీపానికీ నీటికీ మధ్య, తొట్టె పైన మూడు పలచటి గుడ్డలు ఒకదాని మీద ఒకటి పరిచాడు. అన్నీ షాపులో మిగిలిన ముక్కలే. ఒకటి ఆసుపత్రిలో పిల్లల గది కిటికీకి కుట్టగా మిగిలింది, ఒకటి కొత్త జంట పడగ్గదిది, ఒకటి తమ సొంత కిటికీది. మూడింటికీ అంచులు మడిచి కుట్టాడు.

"దీనిక్కూడా అంచు కుట్టాలా! పరదాల చాటు రాణిగారు కాబోలు."

"వారానికొకటి తియ్యాలి. వెలుతురు మెల్లగా అలవాటు కావాలి, తొందరపడకూడదు," అన్నాడు. కాసేపు వంగి చూసి, "ఇంకొకటుంటే బాగుండు," అని గొణుక్కుంటూ షాపుకు బయల్దేరాడు.

షాపులో ఆ రోజూ అన్ని రోజుల్లాంటిదే. కొలతలు తీసుకునేముందు అతను ఎవరినైనా అడిగేది ఒకటే ప్రశ్న. ఆ రోజు వచ్చినావిడనూ అదే అడిగాడు. "మీకు చీకటి కావాలామ్మా, నీడ కావాలా?" ఆవిడ తెల్లమొహం వేసింది. చాలామంది అంతే, కుట్టిన కర్టెన్ వేలాడదీశాక గానీ తేడా తెలిసేది కాదు. మధ్యాహ్నం ఎడమ చెయ్యి లాగుతుంటే కత్తెర పక్కన పెట్టి కాసేపు పిసుక్కున్నాడు. గుడ్డ బరువుకే అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా జేబులో ఒక గుడ్డముక్కతో ఇంటికొచ్చాడు. మంచులా పలచగా ఉంది. తొట్టె ముందు కుర్చీ వేసుకుని అంచు కుట్టడం మొదలుపెట్టాడు. రెండు కుట్లకోసారి తలెత్తి మూలకు చూశాడు. పగడం పొద్దుటిలాగే ముడుచుకుని ఉంది.

ఆమె టీ తెచ్చేసరికి తల వాల్చి ఉన్నాడు.

"బాగుంది వరస! పగడాన్ని కాపలా కాస్తూ మీరే నిద్రపోయారా?" అంటూ భుజం తట్టింది. గుడ్డ అతని ఒళ్లోంచి జారింది. టీ చల్లారిపోయేదాకా ఆమె అతన్ని పిలుస్తూనే ఉంది.

తర్వాతి రోజుల్లో ఇంటినిండా జనం. ఆమె మాత్రం పెదవి విప్పలేదు. చెల్లెలు వచ్చి అక్క వాలకం చూసి కంగారుపడింది. కిటికీ తెరలు బర్రున పక్కకు లాగింది. "ఇలా చీకట్లో కూర్చుంటే ఎలాగక్కా? కాస్త వెలుతురు రానీ," అంటూ తొట్టె మీది గుడ్డల మీద కూడా చెయ్యి వేసింది.

"తియ్యకు!"

గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు.

"తియ్యకే. దానికింకా అలవాటు కాలేదు," అంది ఆమె. అని, అతను పోయాక మొదటిసారి భోరున ఏడ్చింది.

అందరూ వెళ్లాక, అతను కుడుతూ వదిలేసిన గుడ్డను కూడా మిగతావాటి అడుగున పరిచింది. వారానికొకటి తీసింది. తీసినప్పుడల్లా తొట్టెతో ఏదో ఒకటి మాట్లాడింది. మొదట్లో తిట్లే. ఆఖరికి అడుగున పరిచినదొక్కటే మిగిలింది. దాన్ని తీయడానికి చేతులు రాక ఇంకో రెండు రోజులు ఆగింది.

తీసిన పొద్దున, ఇసుకమూలలో ఆకుపచ్చటి వేళ్లు పదులకొద్దీ విచ్చుకుని, కనబడని అలకు అటూ ఇటూ ఊగుతున్నాయి. మోకాళ్ల నొప్పి మరిచిపోయి నేలమీద కూలబడి, గాజుకు నుదురు ఆనించింది.

"సముద్రం చూశానండీ," అంది.

ఆమె ఒళ్లో ఆ పలచటి గుడ్డ ఉంది. అంచు సగం దాకా కుట్టి ఉంది, దారం తెంపని సూది అక్కడే గుచ్చి ఉంది.